వెయ్యి కాపీల భజన సీడీ: రిపోర్టులన్నీ పాసైన తప్పు

సికింద్రాబాద్ పద్మారావు నగర్‌లోని ఒక భజన మండలి 2007 శ్రీరామనవమికి తమ గురువుగారి భజనను ఆడియో సీడీగా తెచ్చి పంచాలనుకుంది. అంతకుముందే సంక్రాంతికి కోఠి వైపు ఒక షాపులో రెండు వందల కాపీలు చేయించి పంచారు. వాటి మీద ఫిర్యాదులు ఆగలేదు. దాంతో నవమికి కావలసిన వెయ్యి కాపీల పని నా దగ్గరికి వచ్చింది. నేను చేసేది ఆడియో ప్రీమాస్టరింగ్. రికార్డింగ్‌ను డిస్కుల ఫ్యాక్టరీ తీసుకునే రూపంలోకి తేవడం, అక్కడి నుంచి తిరిగొచ్చిన డిస్కును పరీక్షించడం నా పని.

ఈ కేసును పూర్తిగా రాయడానికి కారణం ఉంది. ఇందులో ఒకదాని వెనక ఒకటిగా రెండు వేర్వేరు తప్పులు వచ్చాయి. మొదటిది కొలిస్తే దొరికింది. రెండోది ఎంత కొలిచినా దొరికే రకం కాదు.

మొదటి రెండు వందలు

ఫిర్యాదులు మూడు రకాలు. కొన్ని కారు స్టీరియోలు, పాత ప్లేయర్లు డిస్కును అసలు తీసుకోవడం లేదు. కొన్ని డిస్కుల్లో పాట మధ్యలో టిక్కుమని శబ్దం వస్తోంది. మూడోది గురువుగారిని బాగా బాధపెట్టింది: ఒక కీర్తన అయిపోయి ఇంకొకటి మొదలయ్యే చోట రెండు సెకన్ల పాటు పూర్తి నిశ్శబ్దం. సంప్రదాయ భజనలో కీర్తనకూ కీర్తనకూ మధ్య శ్రుతి ఆగదు. హార్మోనియం పట్టే ఉంటుంది, తాళాలు నడుస్తూనే ఉంటాయి, నామం చెబుతూ తర్వాతి కీర్తన ఎత్తుకుంటారు. "బాబూ, గొంతు బాగాలేదంటే ఒప్పుకుంటాను, వయసైపోయింది. శ్రుతి తెగింది చూడండి, అది మాత్రం వినలేకపోతున్నాను" అన్నారాయన.

ముందు డిస్కులను కొలిచాను. ప్లెక్స్‌టర్ ప్రీమియం డ్రైవ్‌తో, ప్లెక్స్‌టూల్స్ సాఫ్ట్‌వేర్‌తో సి1, సి2 తప్పుల గ్రాఫ్ తీయవచ్చు. సీడీ మీద సమాచారం సెకనుకు 7,350 చిన్న ఫ్రేముల చొప్పున నడుస్తుంది. ప్రతి ఫ్రేములో పాటతో పాటు తప్పులు దిద్దుకోవడానికి అదనపు బైట్లు కూడా ఉంటాయి. తప్పు లేని డిస్కు ఎక్కడా ఉండదు, ప్లేయర్ చదువుతూనే దిద్దుకుంటుంది. మొదటి దశలో పట్టుబడేవి సి1, అక్కడ తేలక రెండో దశకు వెళ్లేవి సి2. ప్రమాణం ప్రకారం పది సెకన్ల సగటు తీసుకుంటే తప్పున్న ఫ్రేములు సెకనుకు 220 దాటకూడదు. రెండో దశలోనూ దిద్దలేకపోతే ప్లేయర్ అటూ ఇటూ ఉన్న శాంపిళ్లను (శబ్దాన్ని క్షణక్షణం కొలిచి రాసిన అంకెలను) చూసి మధ్యలోది అంచనా వేసి పూడుస్తుంది. అదీ చేతకానప్పుడే మనకు టిక్కు వినిపిస్తుంది. అందుకే "మా ఇంట్లో బాగానే పాడుతోంది" అన్న మాటను నేను పరీక్షగా తీసుకోను. డిస్కు అంచు దాకా వచ్చి ఉన్నా చెవికి ఏమీ తెలియదు.

ఆ రెండు వందల్లో నేను చూసినవాటిలో గ్రాఫ్ లోపలి వైపు ఫర్వాలేదు, బయటి అంచుకు వెళ్లేకొద్దీ పైకి లేచి హద్దు దాటింది. సీడీ లోపలి నుంచి బయటికి చదువుతుంది కాబట్టి టిక్కులు చివరి కీర్తనల్లోనే ఎక్కువ రావడం దీంతో సరిపోయింది. చవక రకం ఖాళీ డిస్కుల మీద డ్రైవ్ ఎంత వేగం ఇస్తే అంత వేగంతో, టవర్ (ఒకేసారి చాలా కాపీలు రాసే యంత్రం) నిండా పెట్టి రాశారు. పైగా డిస్కు మీద కాగితం స్టిక్కరు అంటించారు. స్టిక్కరు ఏ కాస్త పక్కకు జరిగినా డిస్కు బరువు ఒకవైపు మొగ్గి, తిరిగేటప్పుడు ఊగుతుంది. కారులో ఎండకు స్టిక్కరు అంచు లేచిందంటే ఆ డిస్కు స్లాట్‌లోంచి బయటికి రావడమే కష్టం.

పాత ప్లేయర్లు తీసుకోకపోవడానికి కారణం వేరు. ఫ్యాక్టరీలో అచ్చు వేసిన సీడీలో పాట చిన్న చిన్న గుంటల రూపంలో ఉంటుంది. కంప్యూటర్‌లో రాసే సీడీలో గుంటలు ఉండవు. పాలికార్బొనేట్ మీద ఒక రంగు పొర ఉంటుంది, లేజర్ వేడికి ఆ రంగు మారిన చోటు గుంటలా కనిపిస్తుంది. అచ్చు వేసిన సీడీ వెలుగును కనీసం 70 శాతం వెనక్కి కొట్టాలని ప్రమాణం. రాసే సీడీకి 65 శాతం చాలు. వయసు మళ్లిన లేజర్ ఉన్న ప్లేయర్‌కు ఆ కాస్త తేడా కూడా భారమే.

ఇక నిశ్శబ్దం సంగతి. ఆ షాపులో ఒక్కో కీర్తననూ విడిగా రాశారు. దాన్ని ట్రాక్ ఎట్ వన్స్ అంటారు. ప్రతి ట్రాక్ తర్వాత లేజర్ ఆగి మళ్లీ మొదలవుతుంది, మధ్యలో రెండు సెకన్ల ఖాళీ పడుతుంది, లేజర్ ఆగిన చోట చదవడానికి వీల్లేని అతుకు కూడా మిగులుతుంది. ఇలా రాసిన డిస్కును మాస్టర్‌గా, అంటే ఫ్యాక్టరీ కాపీలు తీసే మూల ప్రతిగా పంపితే మంచి ప్లాంట్లు ఆ అతుకులు చూసి తిప్పి పంపిస్తాయి. మాస్టర్ రాయాలంటే లేజర్ మొదటి నుంచి చివరిదాకా ఆగకుండా రాసే డిస్క్ ఎట్ వన్స్ పద్ధతి ఒక్కటే దారి.

అయితే ఆ షాపు ఫైళ్లను తీసుకుని పద్ధతి మార్చి రాసినా శ్రుతి అతికేది కాదు. స్పెక్ట్రమ్ (ఏ స్థాయి శబ్దం ఎంత ఉందో చూపే గ్రాఫ్) చూస్తే 16 కిలోహెర్ట్జ్ పైన ఏమీ లేదు, గీత గీసినట్టు తెగిపోయింది. అంటే అవి ఎంపీ3ల నుంచి మళ్లీ సీడీకి మార్చిన పాటలు. ఎంపీ3 పాటను 1,152 శాంపిళ్ల ముక్కలుగా కోసుకుంటుంది. ముక్క నిండకపోతే ఖాళీతో నింపుతుంది, మొదట్లో కూడా కొంత ఖాళీ చేరుస్తుంది. తాళాల మెరుపు ఎలాగూ పోయింది, అతుకు దగ్గర చిన్న ఖాళీ కూడా అందులోనే స్థిరపడిపోయింది. ఆ ఫైళ్లు పక్కన పెట్టి స్టూడియో నుంచి అసలు రికార్డింగ్ తెప్పించాను.

మాస్టర్ తయారీ

అసలుది 48 కిలోహెర్ట్జ్, 24 బిట్లలో ఉంది. సీడీకి 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్లు కావాలి. ఆ మార్పు చేసి, భజన మొత్తాన్ని ఒకే పొడవైన ఫైలుగా ఉంచి, కీర్తన మొదలయ్యే చోట్ల గుర్తులు మాత్రం పెట్టాను. ఇక్కడ ఒక చిన్న లెక్క చాలామందికి తెలియదు. సీడీలో సెకనుకు 75 సెక్టార్లు, ఒక్కో దానిలో 588 శాంపిళ్లు. ట్రాక్ గుర్తు సెక్టారు మొదట్లోనే పడాలి. పాటను విడి ఫైళ్లుగా కోసేటప్పుడు ఈ 588 లెక్క పాటించకపోతే రాసే సాఫ్ట్‌వేర్ మిగిలిన చోటును సున్నాలతో నింపుతుంది. నిశ్శబ్దమైన పాటల మధ్య అది వినిపించదు. హార్మోనియం మోగుతుండగా అయితే టిక్కుమంటుంది.

కీర్తనల పేర్లు ప్లేయర్ తెర మీద తెలుగులో కనిపించాలని మండలి కుర్రవాళ్లు అడిగారు. సీడీ టెక్స్ట్‌లో తెలుగు లిపికి చోటు లేదు. రోమన్ అక్షరాల్లో పెట్టడం ఎవరికీ ఇష్టం లేకపోవడంతో వదిలేశాం. కేసులో పెట్టే ఇన్‌లే కార్డు మీద మాత్రం పేర్లన్నీ తెలుగులోనే వచ్చాయి. దాని మీదే కాపీరైట్ చట్టంలోని 52ఎ సెక్షన్ ప్రకారం రికార్డింగ్ చేయించినవారి పేరు, చిరునామా, హక్కుదారు వివరాలు, మొదట విడుదలైన సంవత్సరం వేయించాం. ఉచితంగా పంచేదైనా ఈ వివరాలు వేయాలి. సరైన ప్లాంట్ ఏదైనా హక్కుల పత్రం మీద సంతకం లేనిదే పని మొదలుపెట్టదు.

మాస్టర్‌ను డీడీపీ రూపంలో పంపాలని నిర్ణయించాను. ఇది ఆడియో డిస్కు కాదు, ఒక ఫోల్డరు. పాట మొత్తం ఒక ఫైలులో, ట్రాకుల సమయాలు ఇంకో ఫైలులో, అన్నిటికీ ఎండీ5 చెక్‌సమ్, అంటే ఫైలులోని సమాచారం నుంచి లెక్కగట్టే వేలిముద్ర లాంటి సంఖ్య. ఫ్యాక్టరీలో ఎవరైనా తెరిచి లెక్క చూస్తే ఒక్క బిట్ మారినా బయటపడుతుంది. ఆ ఫోల్డరును డేటా డీవీడీ మీద రాసి, పీక్యూ షీట్ ప్రింట్ తీసి జత చేశాను. ఏ ట్రాక్ ఏ నిమిషం, ఏ సెకను, ఏ ఫ్రేము (ఇక్కడ ఫ్రేము అంటే సెకనులో 75వ వంతు సెక్టారే) దగ్గర మొదలవుతుందో చెప్పే పట్టిక అది. గురువుగారు వినడానికి ఒక కాపీ రాసి ఇచ్చాను. కళ్లు మూసుకుని మొత్తం విన్నారు. శ్రుతి ఎక్కడా తెగలేదు.

ఈ వెయ్యి కూడా టవర్‌లో ఎందుకు రాయకూడదని మండలి కోశాధికారి అడిగారు. న్యాయమైన ప్రశ్న. అచ్చు వేయడంలో గ్లాస్ మాస్టర్‌కు (గాజు మీద రాసే మూల ప్రతికి), స్టాంపర్‌కు (డిస్కులు ఒత్తే లోహపు అచ్చుకు) అయ్యే ఖర్చు మొదట్లో ఒక్కసారే పడుతుంది, వంద వేసినా వెయ్యి వేసినా అంతే. ఆ తర్వాత ఒక్కో డిస్కు ఖర్చు చాలా తక్కువ. వందా రెండు వందల కాపీలకు రాయడమే మేలు. వెయ్యి దగ్గర అచ్చే గెలుస్తుంది. ఖర్చు సమానంగా వచ్చినా నేను అచ్చే చెప్పేవాణ్ని. వినేవాళ్లలో సగం మంది పెద్దవాళ్లు, వాళ్ల ప్లేయర్లు వాళ్లలాగే పాతవి.

ప్లాంట్‌లో జరిగేది

పార్క్‌లేన్‌లో ఉన్న ఏజెంట్ ద్వారా వేరే రాష్ట్రంలోని ప్లాంట్‌కు ఆర్డర్ వెళ్లింది. అక్కడి పని తెలిస్తేనే తర్వాత జరిగింది అర్థమవుతుంది.

బాగా నునుపు చేసి కడిగిన గాజు పలక మీద ఫోటోరెసిస్ట్ అనే వెలుగుకు స్పందించే పొర పూస్తారు. దుమ్ము దాదాపు లేని గదిలో లేజర్ ఆ పొర మీద మొత్తం పాటను గుండ్రంగా, లోపలి నుంచి బయటికి రాస్తుంది. రసాయనంతో కడిగితే లేజర్ తగిలిన చోట పొర కరిగి గుంట పడుతుంది. ఒక్కో గుంట లోతు మైక్రాన్‌లో ఎనిమిదో వంతు ఉంటుంది. గుంటల వరసకూ వరసకూ మధ్య దూరం 1.6 మైక్రాన్లు, తల వెంట్రుక మందంలో ఇలాంటివి నలభై దాకా పడతాయి. ఆ వరస మొత్తం విప్పితే 5 కిలోమీటర్లకు పైనే ఉంటుంది.

తర్వాత ఆ గాజు మీద పలచగా లోహం పట్టించి నికెల్ సల్ఫమేట్ ద్రావణంలో ముంచి కరెంటు పంపుతారు. నికెల్ పేరుకుని రేకవుతుంది. దాన్ని గాజు నుంచి ఊడదీస్తే గుంటలన్నీ గుబ్బలుగా ఉన్న రేకు వస్తుంది, అదే ఫాదర్. ఊడదీసేటప్పుడు ఫోటోరెసిస్ట్ పాడైపోతుంది కాబట్టి గాజు మీది రాత ఇక ఉండదు. పెద్ద ఆర్డర్లకు ఫాదర్ నుంచి మదర్, మదర్ నుంచి స్టాంపర్లు తీస్తారు. వెయ్యి కాపీలకు అంత వంశం అక్కర్లేదు, ఫాదర్‌నే స్టాంపర్‌గా వాడేస్తారు. దాని మందం మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండదు. వెనక వైపు నునుపు చేసి, మధ్యలో రంధ్రం కొట్టి మోల్డులో బిగిస్తారు.

పాలికార్బొనేట్ గుళికలు గాలిలో తేమను పీల్చుకుంటాయి. 120 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఆరబెట్టకపోతే డిస్కులో చారలు, బుడగలు వస్తాయి. ఆరిన గుళికలను 300 డిగ్రీలకు పైగా కరిగించి స్టాంపర్ ఎదురుగా ఒత్తిడితో ఎక్కిస్తారు. నాలుగు సెకన్లు అటూ ఇటూగా ఒక డిస్కు బయటికొస్తుంది, అద్దంలా పారదర్శకంగా. వెంటనే 50 నుంచి 100 నానోమీటర్ల అల్యూమినియం పొర, దాని మీద లక్కర్ అనే రక్షణ పూత, లక్కర్‌ను అల్ట్రావయొలెట్ వెలుగుతో గట్టిపరచడం, ఆపైన ప్రింటింగ్. దారిలోనే కెమెరా ప్రతి డిస్కునూ చూసి సూదిమొన రంధ్రాలు, మరకలు ఉన్నవాటిని తోసేస్తుంది.

ఇక్కడే ఒక మాట. డేటా ఉండేది డిస్కు కింది వైపు అని చాలామంది నమ్మకం. నిజానికి 1.2 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ దాటి పైన, బొమ్మ ముద్రించిన వైపే, లక్కర్ కిందే ఉంటుంది. కింద గీత పడితే పాలిష్ చేసి కాపాడుకోవచ్చు. బొమ్మ వైపు బాల్‌పెన్‌తో గట్టిగా రాస్తే ఆ డేటా పోయినట్టే.

టెస్ట్ ప్రెస్సింగ్

వెయ్యీ ఒకేసారి వేసే ముందు స్టాంపర్ నుంచి తీసిన కొన్ని డిస్కులు తెప్పించి చూడాలని పట్టుబట్టాను. ఏజెంట్‌కు ఇది నచ్చలేదు. "అన్నా, నవమి దగ్గరికొచ్చింది. శాంపిల్ అంటే పోను రాను కొరియర్‌కే రోజులు పోతయ్. వాళ్లు పెద్ద ప్లాంట్, రోజూ వేసే పనే కదా" అన్నాడు. అతని టెన్షన్ నాకు అర్థమైంది. అయినా ఒప్పుకోలేదు.

వచ్చిన డిస్కులు చూడటానికి ముచ్చటగా ఉన్నాయి. సి1 గ్రాఫ్ అడుగునే పాకుతోంది, సి2 ఒక్కటీ లేదు. ప్లాంట్ పంపిన కొలతల కాగితంలోనూ అన్నీ పాస్. లోపలి అద్దం లాంటి పట్టీ మీద మా ఆర్డర్ నంబరు సరిగ్గా ఉంది, పక్కనే ఐఎఫ్‌పీఐ గుర్తు ఉంది. ఏ ప్లాంట్‌లో మాస్టర్ కోశారో (లేజర్‌తో గాజు మీద రాశారో), ఏ మోల్డులో అచ్చు పడిందో పట్టుకోవడానికి 1994 నుంచి వాడుతున్న కోడ్ అది.

ప్లేయర్‌లో పెట్టి మూడో కీర్తన చివరికి వెళ్లాను. రెండు సెకన్ల నిశ్శబ్దం.

డిస్కులోని ట్రాకుల పట్టికను నా పీక్యూ షీట్ పక్కన పెడితే రెండో ట్రాక్ నుంచే సమయాలు కలవలేదు. పాటను కంప్యూటర్‌లోకి తీసి స్పెక్ట్రమ్ చూస్తే 16 కిలోహెర్ట్జ్ దగ్గర అదే గీత. నేను పంపిన ఫోల్డరులో ఇది ఉండే అవకాశమే లేదు. సంక్రాంతి నాటి షాపు డిస్కు గ్లాస్ మీదికి ఎక్కింది.

ఎలా ఎక్కిందో ఏజెంట్‌ను అడుగుతూ పోతే తేలింది. డిస్కు మీద గురువుగారి బొమ్మ పాత సీడీలో ఉన్న కాషాయ రంగులోనే రావాలని మండలివాళ్లు ఒక పాత డిస్కును రంగుకు నమూనాగా ఏజెంట్‌కు ఇచ్చారు. అతను దాన్ని నా డీవీడీతో పాటు ఒకే పార్సిల్‌లో పెట్టాడు. ప్లాంట్‌లో పని అందుకున్నవాళ్లకు ఒక డేటా డీవీడీ, ఒక ఆడియో సీడీ కనిపించాయి. ఆడియో ఆర్డర్ కదా అని ఆడియో సీడీనే మాస్టర్ అనుకున్నారు. అతుకులున్న ఆ డిస్కును అలాగే వాడితే వాళ్ల యంత్రమే తిప్పికొట్టేది. వాళ్లు పాటలను ముందు హార్డ్‌డిస్కులోకి దించుకుని, శుభ్రంగా ఆగకుండా మళ్లీ రాశారు. అతుకులు పోయాయి, నిశ్శబ్దాలు మిగిలాయి. ఇక ఏ యంత్రానికీ అభ్యంతరం లేదు.

నా దృష్టిలో ఈ కేసులో గమనించాల్సిన చోటు ఇదే. సి1, సి2, వెలుగు శాతం, డిస్కు వంపు, ఇవన్నీ గుంటలు ఎంత బాగా పడ్డాయో చెబుతాయి. ఆ గుంటల్లో ఉన్నది మన పాటేనా అన్నది వాటి పరిధిలో లేదు. ఆ రెండో ప్రశ్నకు జవాబు కావాలంటే పంపినదాన్నీ వచ్చినదాన్నీ పక్కపక్కన పెట్టి పోల్చాలి. ప్లాంట్‌కు మన పాట తెలియదు, కాబట్టి ఆ పోలిక మాస్టర్ పంపినవాళ్ల బాధ్యత. ప్రెస్సింగ్ మొదలయ్యాక మాత్రం చేయడానికేమీ ఉండదు. నాలుగు సెకన్లకు ఒకటి చొప్పున వెయ్యి డిస్కులంటే గంటా పది నిమిషాల్లో అయిపోతుంది.

ప్లాంట్‌వాళ్లు వాదించలేదు. డబ్బు అడగకుండా గ్లాస్ మళ్లీ కోశారు. రంగు నమూనాగా ఈసారి డిస్కు బదులు ప్రింట్ ప్రూఫ్ కాగితం పంపాం. గ్లాస్ కోసే ముందు డీడీపీ ఫోల్డరు ఎండీ5ను ఫోన్లో చదివించుకుని నా కాగితం మీదిదానితో సరిచూశాను. రెండో టెస్ట్ డిస్కు వచ్చాక ట్రాకుల పట్టిక ఫ్రేము తేడా లేకుండా కలిసింది. పాటను తీసి నా ఫైలుతో పోల్చాను. ఇక్కడ కొత్తవాళ్లు భయపడే విషయం ఒకటుంది. చదివే డ్రైవ్ ఆడియోను కొన్ని శాంపిళ్లు ముందుకో వెనక్కో జరిపి ఇస్తుంది. నేరుగా బైట్లు పోల్చితే ఏదీ కలవదు. జరిగినంత మేర వెనక్కి జరిపి పోల్చాలి. జరిపాక మొదటి శాంపిల్ నుంచి చివరిదాకా తేడా సున్నా.

వెయ్యి డిస్కులూ నవమికి అందాయి. ప్లాస్టిక్ కేసులు మాత్రం సమయానికి రాలేదు. కాగితం కవర్లలో పెట్టి, ఇన్‌లే కార్డు విడిగా చేతికిచ్చి, కల్యాణం అయ్యాక పానకంతో పాటు పంచారు.

తర్వాత

ఈమధ్య ఆ మండలి సభ్యులు ఫోన్లలోకి పాటలు ఎక్కించమని ఇళ్లలో ఉన్న డిస్కులు తెచ్చారు. సంక్రాంతి నాటి రాసిన డిస్కుల్లో చాలావాటిని డ్రైవ్ గుర్తుపట్టడమే లేదు. రంగు పొర ఎండకు, వేడికి మారిపోతుంది. మన మే నెలలో కారు డ్యాష్‌బోర్డు మీద ఉంచిన డిస్కు బతకడం కష్టం. నవమికి అచ్చు వేసినవి దాదాపు అన్నీ చదివాయి. పోయిన ఒకటి రెండింటికి కారణం లేబుల్ వైపు గీతలు, లక్కర్ లేచి అల్యూమినియం ఊడిపోవడం.

అచ్చు డిస్కులు శాశ్వతమని దీన్నిబట్టి అనుకోకూడదు. ఇంగ్లండ్‌లోని బ్లాక్‌బర్న్ ప్లాంట్‌లో 1988 నుంచి 1993 మధ్య వేసిన కొన్ని సీడీలు కంచు రంగుకు తిరిగి చదవలేని స్థితికి వచ్చాయి. అల్యూమినియం బదులు వెండి వాడటం, కవరు కాగితంలోని గంధకాన్ని లక్కర్ ఆపలేకపోవడం అందుకు కారణాలు. అందుకే పాటను ఇప్పుడు కూడా నేను డిస్కు నుంచి తీయలేదు. 2007 నాటి డీడీపీ ఫోల్డరు రెండు హార్డ్‌డిస్కుల్లో ఉంది. ఎండీ5 చూసుకుని అందులోంచే ఎఫ్ఎల్ఏసీ (నాణ్యత పోకుండా కుదించే రూపం) ఫైళ్లు చేసి ఇచ్చాను. విడి కీర్తనలతో పాటు మొత్తం భజనను ఒకే పొడవైన ఫైలుగా కూడా ఇచ్చాను, ఎందుకంటే కొన్ని ఫోన్లలోని ప్లేయర్లు ఫైలుకూ ఫైలుకూ మధ్య కాసేపు ఆగుతాయి. శ్రుతి తెగకుండా వినాలంటే ఆ పొడవైనదే పెట్టుకోమని మండలివాళ్లకు చెప్పాను.